ఏజెంటు ఎవరి మనిషో ముందు తేల్చుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. హైదరాబాద్‌లో నిజాంపేట, బాచుపల్లి, మియాపూర్ వైపు 80 లక్షల్లోపు మూడు బెడ్‌రూముల రీసేల్ ఫ్లాటు కావాలి, కుదరకపోతే కొత్తదైనా సరే. ముగ్గురు ఏజెంట్లు తగిలారు. ఒకాయన పోర్టల్‌లో మీ నంబరు చూసి ఫోన్ చేశాడు. కారు పంపి సైట్లు తిప్పుతున్నాడు, కమీషన్ రూపాయి కూడా వద్దంటున్నాడు. రెండో ఆయన నిజాంపేటలో టూలెట్ బోర్డు పెట్టుకున్న లోకల్ మనిషి, ఒకటిన్నర శాతం అడుగుతున్నాడు. మూడో ఆయన మీ బావగారి స్నేహితుడు. కమీషన్ మాటెత్తితే ‘మీకు తోచింది ఇవ్వండి’ అంటున్నాడు. వీళ్లలో ఎవర్ని పట్టుకోవాలి?

మాటతీరు, మర్యాద, ఆఫీసు హంగు ఇవన్నీ తర్వాతి సంగతి. ఈ డీల్‌లో అతనికి డబ్బు ఎవరిస్తున్నారు, ఎంత ఇస్తున్నారు, ఎప్పుడిస్తున్నారు? ముందు ఇది తేలాలి. ఏజెంటు ఎవరి దగ్గర తీసుకుంటే వాళ్ల మనిషి. ఇద్దరి దగ్గరా తీసుకుంటే డీల్ మనిషి. డీల్ మనిషికి డీల్ పూర్తవడం కావాలి, అది మీకు లాభమా నష్టమా అన్నది అతని లెక్కలోకి రాదు. తిట్టడానికి అంటున్న మాట కాదిది, ఆ వృత్తి నడిచే తీరే అంత.

అంకెల్లో చూడండి. 80 లక్షల ఫ్లాటు, మీ వైపు ఒక శాతం, ఓనర్ వైపు ఒక శాతం, మొత్తం 1,60,000. అతను మీ కోసం గట్టిగా బేరమాడి 3 లక్షలు తగ్గించాడనుకోండి. మీకు 3 లక్షలు మిగులుతాయి, అతనికి 6,000 తగ్గుతుంది. ఆ 6,000 అతనికి పెద్ద లెక్క కాదు. కానీ బేరం తెగి ఓనర్ లేచిపోతే మాత్రం 1,60,000 మొత్తం పోతుంది. ‘ఓనర్ ఇక దిగడు సార్, నిన్న సాయంత్రమే ఇంకో పార్టీ చూసి వెళ్లారు’ అన్న మాట పుట్టేది ఈ లెక్కలోంచే. అందుకని సిట్టింగ్ వేయించడం వరకు అతని పని, ఓనర్ ఎదురుగా కూర్చుని బేరమాడటం మీ పని అని మొదటి రోజే చెప్పేయండి.

అతను మీ వైపు నిలబడాలంటే శాతాన్ని పక్కన పెట్టి ఫీజు కట్టే పద్ధతి మార్చొచ్చు. ఉదాహరణకు 70,000 ఖాయం, 77 లక్షల కంటే కిందికి ధర ఎంత దిగితే అందులో పదో వంతు అదనం. 75 లక్షలకు ముగిస్తే అతనికి 90,000 వస్తుంది, మీకు 5 లక్షలు తగ్గినట్టు. చాలామంది ఏజెంట్లు దీనికి ఒప్పుకుంటారు, మనమే అడగం.

అమెరికాలో ఇల్లు కొన్న మనవాళ్లు ఇక్కడ ఎక్కువగా బోల్తా పడేది కూడా ఈ విషయంలోనే. అక్కడ ఏజెంటుకు లైసెన్సు పరీక్ష ఉంటుంది. 2024 ఆగస్టు 17 నుంచి అక్కడి రియల్టర్ల సంఘం నిబంధనల ప్రకారం ఇల్లు చూపించకముందే కొనేవాళ్లతో ఫీజు ఎంతో రాసుకుని సంతకాలు చేయించుకోవాలి. మన దగ్గర రీసేల్ ఫ్లాటుకు అలాంటిదేమీ లేదు. డల్లాస్‌లో ఏజెంటును నమ్మినట్టు నమ్మి, ఇక్కడి ఏజెంటుకే పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చేసేవాళ్లున్నారు. ఆ పని ఎప్పుడూ చేయకండి. ఇవ్వాల్సి వస్తే దగ్గరి బంధువుకు, ఈ ఒక్క ఫ్లాటుకు, ఈ ఒక్క పనికి పరిమితం చేసి స్పెషల్ పవర్ ఇవ్వండి. కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించిన ఆ పత్రానికి అది ఇండియా చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు వేయించాలి, లేకపోతే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఆగిపోతారు.

ఇక ‘మీకు తోచింది ఇవ్వండి’ అనే రకం గురించి. ఇది వినసొంపుగా ఉంటుంది, తరచుగా అన్నిటికంటే ఖరీదైనదీ ఇదే. ఓనర్లు ఏజెంటుతో అనే మాట ఒకటుంది: ‘నాకు చేతికి 72 రావాలి, ఆపైన ఎంత వస్తే అంత మీరు చూసుకోండి.’ అదే ఫ్లాటును మీకు 80 అని చెబుతాడు. ఆ 8 లక్షల తేడా ముందు మీరిచ్చే కమీషన్ ఏపాటిది? అందుకే అడగడు. ఇది నడవాలంటే మీరూ ఓనరూ ఒకచోట కూర్చుని ధర మాట్లాడుకోకూడదు. ‘ఓనర్ చాలా బిజీ సార్’, ‘వాళ్లు రేటు మాట్లాడరు, అంతా నాకే అప్పజెప్పారు’, ‘సిట్టింగ్ ఆఖర్న వేద్దాం’ అంటున్నాడంటే అనుమానించండి. ఇంకో గుర్తు కూడా ఉంది. ఆ తేడా ఓనర్ ఖాతాలోకి వెళ్లకూడదు కదా, అందుకని కొంత మొత్తం నగదుగా, అదీ తన చేతికే ఇమ్మంటాడు.

దీనికే కాస్త నాజూకు రూపం అగ్రిమెంటు పట్టుకోవడం. ఏజెంటో, అతని మనిషో ఓనర్‌కు రెండు మూడు లక్షలు బయానా ఇచ్చి 90 రోజుల గడువుతో అగ్రిమెంటు రాయించుకుంటాడు. గడువు దాటేలోపు ఎక్కువ రేటుకు ఒక పార్టీని తెచ్చి, నేరుగా ఓనర్ చేతే రిజిస్ట్రేషన్ చేయిస్తాడు. అలా కొనకూడదని కాదు, ధర నచ్చితే కొనండి. కానీ అప్పుడు మీరు మాట్లాడుతున్నది మధ్యవర్తితో కాదు, అమ్మేవాడితో. అతనికి కమీషన్ కూడా ఇస్తే రెండుసార్లు ఇచ్చినట్టు. ‘ఈ ఫ్లాటు మీద ఎవరికైనా అగ్రిమెంటు ఉందా? మీకేమైనా ఉందా?’ అని వాట్సాప్‌లో రాసి అడగండి, జవాబు కూడా రాతలోనే రావాలి.

మధ్యవర్తుల గొలుసు కూడా మామూలే. ఓనర్ ఒకరికి చెబుతాడు, ఆయన ఇంకొకరికి, ఆ ఇంకొకరు గ్రూపులో పెడతాడు. ఏజెంట్లు ఒకరినొకరు మొదట అడిగేది ‘పార్టీ డైరెక్టా?’ అనే. మీరూ అదే మాట అడగండి. డైరెక్ట్ అయినవాడు ఓనర్‌కు మీ ముందే ఫోన్ కలుపుతాడు. కానివాడు ‘సాయంత్రం కనుక్కుని చెబుతా’ అంటాడు. గొలుసులో నలుగురుంటే నలుగురి వాటా ఎక్కేది ధర మీదే. పైగా రేపు ఒక కాగితం కావాలంటే నాలుగు ఫోన్లు తిరిగి రావాలి.

కారు పంపే మొదటి ఆయన సంగతికి వద్దాం. కొత్త ప్రాజెక్టుల్లో కమీషన్ బిల్డర్ ఇస్తాడు, మీరివ్వక్కర్లేదన్నది నిజమే. కానీ అతను చూపించేవి తనకు కమీషన్ ఇచ్చే బిల్డర్ల ప్రాజెక్టులు మాత్రమే, అందులోనూ ఎక్కువిచ్చేవాళ్లవి ముందు. మీరు రీసేల్ అడిగితే అతను కొత్తవే ఎందుకు తిప్పుతున్నాడో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఇలాంటివాళ్ల వల్ల ఒక ఉపయోగం ఉంది: నాలుగు ప్రాజెక్టుల ధరలు ఒక్కరోజులో తెలుస్తాయి. పెట్రోలు ఖర్చు కూడా వాళ్లదే. అంతవరకు వాడుకోండి.

కొత్త ప్రాజెక్టు విషయంలో ఏజెంటును వడకట్టడానికి చట్టమే ఒక జల్లెడ ఇచ్చింది. 2016 నాటి రెరా చట్టం (స్థిరాస్తి నియంత్రణ చట్టం, దాని కింది సంస్థనూ రెరా అనే అంటారు) 9వ సెక్షన్ ప్రకారం, రెరాలో నమోదైన ప్రాజెక్టులో బిల్డర్ అమ్మే ఫ్లాటును ఇప్పించే ఏజెంటు తానూ రెరాలో నమోదై ఉండాలి. 10వ సెక్షన్ ప్రకారం నమోదు కాని ప్రాజెక్టులో అమ్మకానికి అతను సాయపడకూడదు. తప్పితే రోజుకు 10,000 చొప్పున, ఆ ఆస్తి ధరలో 5 శాతం వరకు జరిమానా పడొచ్చు. తెలంగాణ రెరా సైటులో ఏజెంటు నంబరు ‘A’ అక్షరంతో, ప్రాజెక్టు నంబరు ‘P’ అక్షరంతో మొదలవుతాయి. విజిటింగ్ కార్డు మీద ‘P’ నంబరు చూపించి ‘రెరా ఉంది సార్’ అనేవాళ్లున్నారు, అది బిల్డర్‌ది. అతని ‘A’ నంబరు అడిగి, సైటులో పేరు, ఫోటో, గడువు తేదీ మీరే చూసుకోండి. విజయవాడ, విశాఖల్లో కొనేవాళ్లకు ఏపీ రెరా సైటు వేరుగా ఉంది.

ప్రీలాంచ్, అంటే రెరా నమోదుకు ముందే, అమ్మేవాడి దగ్గర ఈ జల్లెడ సులువుగా పనిచేస్తుంది. ‘అడుగు 7,500 నడుస్తోంది, మీకు 4,500కే, కానీ మొత్తం ఇప్పుడే కట్టాలి, రెరా మూడు నెలల్లో వస్తుంది’ అంటే చట్టం తెలిసి తప్పు చేస్తున్నాడు, లేదా చట్టమే తెలియదు. రెండు విధాలా అతను మీకు పనికిరాడు. యూడీఎస్ స్కీమ్ అని పేరు మార్చినా సరుకు అదే. అనుమతి రాని భవనంలో ఫ్లాటు పేరు చెప్పి, స్థలంలో అవిభక్త వాటా (యూడీఎస్) రాసిస్తారు. అనుమతి రాకపోతే మీకు మిగిలేది వందలమందితో కలిసి ఉన్న ఖాళీ జాగాలో కొన్ని గజాలు. నమోదైన ప్రాజెక్టులో కూడా, రిజిస్టర్ చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి బిల్డర్ తీసుకోవడానికి వీల్లేదు.

రెండు మెలికలు తెలుసుకోవాలి. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 598 గజాలు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా రెరా నమోదు అక్కర్లేదు. గల్లీల్లో 250 గజాల్లో కట్టే చిన్న అపార్ట్‌మెంట్ల గురించి ‘దీనికి రెరా అక్కర్లేదు’ అని ఏజెంటు అంటే అబద్ధం కాకపోవచ్చు. రెండోది మీకు నేరుగా తగిలేది. ఓనర్ అమ్మే పాత ఫ్లాటుకు 9వ సెక్షన్ వర్తించదు. అంటే మీ రీసేల్ డీల్‌లో ఏజెంటుకు రెరా నంబరు తప్పనిసరి కాదు, అతని మీద రెరాకు వెళ్లి లాభం తక్కువ. పేచీ వస్తే ఫీజు తీసుకుని చేసిన సేవలో లోపమని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు, మోసమైతే పోలీసు స్టేషన్‌కు వెళ్లాలి. రెండు చోట్లా అడిగేది రశీదులు, రాతలు. అందుకే రీసేల్‌లో నంబరు కన్నా, మనిషి తెచ్చే కాగితాలూ చెప్పే జవాబులూ ముఖ్యం.

ఏం అడగాలి? మీరు చూస్తున్న ప్రాంతానికి మొదటి ప్రశ్న: ‘ఈ బిల్డింగుకు పర్మిషన్ ఎవరిచ్చారు?’ నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ 2019 వరకు గ్రామ పంచాయతీలు. అయిదంతస్తుల అపార్ట్‌మెంటుకు అనుమతిచ్చే అధికారం పంచాయతీకి లేదు, అది హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) పని. అయినా పంచాయతీ కాగితం మీదే లేచిన భవనాలు అక్కడ ఉన్నాయి. తెలిసిన ఏజెంటు ‘ఇది హెచ్‌ఎండీఏ, అది పంచాయతీ, అందుకే అడుగుకు ఇంత తేడా’ అని విడదీసి చెబుతాడు. తెలియనివాడో, తెలిసీ దాచేవాడో ‘బ్యాంకు లోన్ వస్తుంది సార్, ఇంకేం కావాలి’ అంటాడు. బ్యాంకు తన అప్పు వసూలవుతుందా అని చూస్తుంది, మీ మనశ్శాంతికి అది పూచీ కాదు. ‘బీఆర్ఎస్ (అనుమతి లేని కట్టడాల క్రమబద్ధీకరణ పథకం) కట్టేశాం’ అంటే ఏ కాగితమో చూడండి. దరఖాస్తు రశీదు వేరు, క్రమబద్ధీకరించినట్టు ఇచ్చిన ఉత్తర్వు వేరు.

రెండో ప్రశ్న: ‘ఇది ల్యాండ్‌ఓనర్ వాటా ఫ్లాటా, బిల్డర్ వాటాదా?’ మన దగ్గర చాలా అపార్ట్‌మెంట్లు స్థలం ఒకరిది, కట్టుబడి ఇంకొకరిదిగా డెవలప్‌మెంట్ అగ్రిమెంటు మీద లేచినవే. ఏ ఫ్లాటు ఎవరి వాటాకు వచ్చిందో పంపకం పత్రంలో ఉంటుంది. మొదటి అమ్మకం రాసిచ్చినవాడికి ఆ ఫ్లాటు వాటాగా రాకపోతే లింకు, అంటే హక్కు చేతులు మారిన వరుస, అక్కడే తెగినట్టు. దీనితోపాటే ఓసీ (భవనంలో ఉండొచ్చని ఇచ్చే ధ్రువపత్రం), మార్ట్‌గేజ్ అడగండి. అనుమతిచ్చేటప్పుడు నిర్మాణ విస్తీర్ణంలో 10 శాతం మున్సిపాలిటీకో, హెచ్‌ఎండీఏకో తనఖా పెట్టించుకుంటారు. ఓసీ వచ్చాక విడుదల చేస్తారు. ఓసీ తీసుకోని భవనంలో ఆ తనఖా ఫ్లాటు మీ నెత్తిన పడకూడదు.

మూడోది: ‘యూడీఎస్ ఎన్ని గజాలు? కార్పెట్ ఎంత?’ 1,500 ఎస్ఎఫ్టీ (చదరపు అడుగులు) అన్నది కామన్ ఏరియా కలిపిన అంకె. గోడల మధ్య మీరు నడిచే చోటు అంతకంటే చాలా తక్కువ. తన దగ్గరున్న డాక్యుమెంటు నకలు తీసి షెడ్యూలులో యూడీఎస్ చూసి చెప్పినవాడు పని తెలిసినవాడు. ‘అందరికీ వచ్చేదే వస్తుంది సార్’ అన్నవాడు ఆ డాక్యుమెంటు ఇంకా చూడనేలేదు.

నాలుగోది అసలు పరీక్ష: ‘ఓనర్‌కు లోన్ ఉంటే ఎలా నడిపిస్తారు?’ పనిమంతుడు తడుముకోకుండా చెబుతాడు. ఓనర్ బ్యాంకు నుంచి ఫోర్‌క్లోజర్ లెటర్ (ఇంత కడితే లోన్ ముగుస్తుందన్న కాగితం), వాళ్ల దగ్గరున్న పత్రాల జాబితా తీసుకోవాలి. మీ బ్యాంకు ఆ బాకీకి సరిపడా చెక్కు ఓనర్ పేరున కాక అతని లోన్ ఖాతా పేరున ఇస్తుంది. బాకీ తీరాక అసలు పత్రాలు బయటికొస్తాయి. పూర్తిగా తీరిన 30 రోజుల్లో పత్రాలు ఇవ్వకపోతే బ్యాంకు రోజుకు 5,000 పరిహారం ఇవ్వాలని 2023 డిసెంబర్ 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఇదంతా చెప్పకుండా ‘మీరు 30 లక్షలు ముందు సర్దితే ఓనర్ క్లియర్ చేసేస్తాడు’ అంటే, మీ డబ్బుతో ఇంకొకరి అప్పు తీర్చి పత్రాల కోసం మీరు ఎదురుచూడాలన్నమాట.

ధర విషయంలో ఏజెంటు మాటను సరిచూసుకోవడానికి దారి ఉంది. రిజిస్ట్రేషన్ శాఖ సైటులో 1983 నుంచి ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాల చిట్టా) చూడొచ్చు. మీరు చూసే ఫ్లాటు ఒక్కదానికే కాదు, అదే అపార్ట్‌మెంటులో ఈమధ్య చేతులు మారిన రెండు మూడు ఫ్లాట్లకూ తీయండి. మార్కెట్ విలువ, అమ్మకపు విలువ రెండూ అందులో కనిపిస్తాయి. అమ్మకపు విలువను చాలామంది తగ్గించి రాయిస్తారు కాబట్టి ఆ అంకెను కింది గీతగా తీసుకోండి. లోన్ మీద కొన్నవాళ్ల అంకె అసలు ధరకు దగ్గరగా ఉంటుంది. ఆ ఈసీలోనే డెవలపర్ తనఖా, పాత లోన్లు కూడా బయటపడతాయి. పక్కనే నిషేధిత ఆస్తుల జాబితా, అంటే 22-ఏ, కూడా సర్వే నంబరుతో వెతకండి. ‘లేక్ వ్యూ’ అంటే హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపులో ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు), దాని చుట్టూ ఉండే బఫర్ గీతలు ఎక్కడున్నాయో చూడాల్సిందే. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక చెరువు ఒడ్డు భవనాల సంగతి అందరికీ తెలిసిందే.

బయానా దగ్గరే ఎక్కువ డీల్స్ చెడతాయి. ఇది ఏజెంటు చేతికి ఇవ్వకండి, అతని ఖాతాలోకి వేయకండి, ‘నా జీపేకి కొట్టండి, నేను ఓనర్‌కిస్తా’ అన్న క్షణమే ఆగిపోండి. 50,000 నుంచి లక్ష వరకు, నేరుగా ఓనర్ ఖాతాలోకి. స్థిరాస్తికి 20,000, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు. తీసుకున్నవాడికి అంతే మొత్తం జరిమానా పడుతుంది. రశీదు ఇలా ఉండాలి, మార్చి వాడుకోండి:

‘ఫలానా అపార్ట్‌మెంట్స్, ఫ్లాట్ నం. ఫలానా, ఇన్ని చదరపు అడుగులు, ఇన్ని గజాల అవిభక్త వాటా, ఒక కారు పార్కింగుతో సహా మొత్తం రూ. 77,00,000కు అమ్మడానికి ఒప్పుకుని, బయానాగా రూ. 1,00,000 నా బ్యాంకు ఖాతాలో అందుకున్నాను. 7 రోజుల్లో డాక్యుమెంటు, లింకు డాక్యుమెంట్లు, ప్లాను, ఓసీ, పన్ను రశీదుల నకళ్లు ఇస్తాను. 21 రోజుల వరకు వేరెవరితోనూ ఒప్పందం చేసుకోను. టైటిల్‌లో లోపం ఉందని కొనుగోలుదారు లాయరు రాసిచ్చినా, ఈ ఆస్తి కారణంగా బ్యాంకు లోన్ నిరాకరించినా, బయానా మొత్తం 7 రోజుల్లో తిరిగి ఇస్తాను.’

ఇద్దరి పేరున ఉంటే ఇద్దరూ సంతకం పెట్టాలి. భర్త వచ్చి సంతకం పెట్టి, డాక్యుమెంటు భార్య పేరున ఉండటం కొత్తేమీ కాదు. ఏజెంటు సాక్షిగా సంతకం పెడితే మంచిదే. ‘ఇలాంటివి ఎవరూ రాయరు సార్, ఓనర్ ఫీలవుతాడు’ అనే ఏజెంటును అక్కడితో వదిలేయొచ్చు.

లీగల్ ఒపీనియన్‌కు లాయరును మీరు వెతుక్కోండి. ఏజెంటు తెచ్చే లాయరు చెడ్డవాడని కాదు, అతనికి నెలకు పది కేసులిచ్చేది ఏజెంటు, మీరు జన్మలో ఒకసారి ఇస్తారు. 30 ఏళ్ల లింకు చూడమనండి. బ్యాంకు లాయరు రిపోర్టు వచ్చిందని దీన్ని మానుకోకండి, ఆ రిపోర్టు చాలాసార్లు మీ చేతికే ఇవ్వరు.

ఇక బ్లాక్, వైట్. ‘55కి రిజిస్ట్రేషన్, మిగతా 25 క్యాష్, మీకే రిజిస్ట్రేషన్ ఖర్చు మిగులుతుంది’ అని ఏజెంటు లెక్క చెబుతాడు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి 7.5 శాతం. 25 లక్షల మీద మిగిలేది 1,87,500. పోయేది కూడా లెక్కేయండి. ఈ స్థాయి లోనుకు బ్యాంకు ఆస్తి విలువలో 80 శాతం మించి ఇవ్వదు. 80 లక్షలకు 64 లక్షలు రావాల్సింది, 55కు 44 లక్షలే వస్తుంది. ఆ 20 లక్షలు మీరెక్కడో తేవాలి. రేపు మీరు అమ్మినప్పుడు మీ కొన్న ధర 55 అని లెక్క, 25 లక్షల మీద 12.5 శాతం చొప్పున 3,12,500, ఆపైన సెస్సు మీ మెడకే చుట్టుకుంటుంది. అంటే ఓనర్ పన్నును మీరు కడుతున్నట్టు. ఈ లెక్కలో సగం చెప్పి సగం మింగే ఏజెంటు ఎవరి మనిషో వేరే చెప్పాలా?

టీడీఎస్ (ఓనర్‌కిచ్చే డబ్బులోంచి ముందే కోసి కట్టే పన్ను) కూడా ఏజెంట్లు ఆఖరి రోజు దాకా ఎత్తరు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం కోసి, మీరే ఓనర్ పాన్ మీద కట్టాలి. ఓనర్ ఎన్నారై అయితే ఈ 1 శాతం లెక్క చెల్లదు, కోత చాలా ఎక్కువ. కోయకపోతే శాఖ పట్టుకునేది మిమ్మల్ని. కాబట్టి ‘ఓనర్ ఇక్కడుంటారా, బయటుంటారా?’ అన్నది మొదటి రోజు ప్రశ్న. బయటుంటే ఆడిటర్ దగ్గరికి వెళ్లాకే అగ్రిమెంటు. పవర్ మీద అమ్ముతుంటే ఓనర్‌తో వీడియో కాల్ అడగండి, ఆ పవర్‌లో అమ్మే అధికారం రాసి ఉందా చూడండి. పవర్ ఇచ్చిన మనిషి చనిపోతే మామూలుగా ఆ పవర్ కూడా పోయినట్టే.

కమీషన్ రాతలో ఉండాలి, వాట్సాప్ చాలు. ఎంత, జీఎస్టీ కలిపా, విడిగానా (రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు 18 శాతం వేస్తారు), ఓనర్ వైపు కూడా తీసుకుంటున్నాడా, ఎప్పుడివ్వాలి. అగ్రిమెంటు రోజే మొత్తం అడగడం ఆనవాయితీ. 30 శాతం అప్పుడు, 70 శాతం రిజిస్ట్రేషన్ రోజు సంతకాలయ్యాక అని పట్టుబట్టండి. అగ్రిమెంటుకూ రిజిస్ట్రేషన్‌కూ మధ్య నెల, నెలన్నర గడుస్తుంది. ఓనర్ చేత ప్లాను కాపీ తెప్పించడం, అసోసియేషన్ బాకీ లేదన్న లెటర్, బ్యాంకు వాల్యూయర్‌కు తాళం తీయించడం, అసలు చాకిరీ అంతా ఆ నెలలోనే. డబ్బు చేరిపోయినవాడు ఫోన్ ఎత్తడు. ఒకే ఫ్లాటును ఇద్దరు ఏజెంట్లు చూపిస్తే కమీషన్ పేచీ వస్తుంది. అందుకని చూసిన ప్రతి ఫ్లాటుకూ ఆ రోజే ‘ఈ ఫ్లాటు మీరు ఇవాళ చూపించారు’ అని మెసేజ్ పెట్టండి. మొదట చూపించినవాడిదే హక్కు.

టూలెట్ బోర్డు మనిషిని తేలిగ్గా తీసుకోకండి. ఏ బిల్డింగులో మంజీరా నీటి కనెక్షన్ ఉంది, ఎక్కడ ఏప్రిల్ నుంచి ట్యాంకర్లే దిక్కు, ఏ అసోసియేషన్ కోర్టులో ఉంది, ఏ సెల్లార్‌లో వానకు నీళ్లు నిలుస్తాయి, ఇవి అతనికి నోటి చివర ఉంటాయి. అవే ప్రశ్నలు ఏజెంటు లేకుండా రాత్రి ఏడున్నరకు వెళ్లి వాచ్‌మన్‌ను అడగండి. రెండు జవాబులూ కలిస్తే అతను నిజం చెప్పే మనిషే. కాగితాల విషయంలో మాత్రం ఇలాంటివాళ్లు తరచు బలహీనం. లాయరు మీవాడే అయినప్పుడు అది పెద్ద లోటు కాదు.

మీ ముగ్గురిలో నేనైతే రెండో ఆయన్ని తీసుకుని, ఒకటిన్నరను ఒక శాతానికి, లేదా పైన చెప్పిన 70,000 పద్ధతికి దింపుతాను. ముందు ఒక పరీక్ష పెట్టండి. మీకు నచ్చిన ఫ్లాటు ఒకటి చెప్పి ‘ఇది తీసుకోవచ్చా?’ అని అడగండి. ఏదో ఒక ఫ్లాటుకైనా ‘వద్దు’ అని, ఎందుకో చెప్పగలిగితే ఖాయం చేసుకోండి. మూడో ఆయన బావగారి స్నేహితుడు కాబట్టి కాదనడం ఇబ్బందే. ఆయనతో ‘మీ కమీషన్ ఒక శాతం, ఓనర్‌తో సిట్టింగ్ రేపు’ అని మీరే మెసేజ్ పెట్టండి. సిట్టింగ్ వేస్తే ఆయన చూపించే ఫ్లాట్లూ చూడండి. వేయకపోతే బావగారికి ఏం చెప్పాలో మీకే తెలుస్తుంది. మొదటి ఆయన ఆదివారం మళ్లీ కారు పంపుతానంటే వెళ్లిరండి, చెక్‌బుక్ మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి.